నిలబడిన మట్టం, నిలబడని రిపోర్టు

భూగర్భజలాల ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు బళ్ళారి సత్యనారాయణపేటలోని మా ఇంటికి వస్తుంటారు. టీ తాగి, "మీ కాలంలో ఎట్లుండె సార్" అని అడుగుతారు. మా కాలంలో నీళ్ళు పైన, ఆఫీసర్లు కింద ఉండేవాళ్ళు, ఇప్పుడు నీళ్ళు కిందికి పోయాయి, ఆఫీసర్లు మేడ మీదికి పోయారు అంటాను. నవ్వుతారు. నవ్వు అయిపోయాక, నేను చేసిన ఘనకార్యం ఏదైనా చెప్పమంటారు. ముప్పై ఏళ్ళు దాటిన ఉద్యోగంలో గట్టిగా చెప్పుకోగలిగింది నాకు ఒక్కటే ఉంది. నా రిపోర్టును నేనే చిత్తుగా ఓడించాను. పక్కవాడి రిపోర్టును ఓడించడానికి అసూయ చాలు. సొంత రిపోర్టును ఓడించాలంటే కొంచెం సాయం కావాలి. ఆ సాయం నాకు ఆకుకూరలు అమ్మే ఒకామె చేసింది.

హచ్చొళ్ళి దాటి హగరి ఏటి వైపు పోతే ఒక ఊరు వస్తుంది. ఊరి దిగువ వీధి చివర ఒక పాత బావి ఉంది. ఒక పక్క రాతి మెట్లు, ఇంకో పక్క గిలక. కొళాయి నీళ్ళు ఉప్పగా ఉంటాయని ఆ వీధిలోని నలభై ఇళ్ళ వాళ్ళూ తాగడానికి ఈ బావి నీళ్ళే తోడుకుంటారు. బావీ, దాని పక్కన అరెకరం ఆకుకూరల మడీ ఆమెవి. ఆమెకు యాభై ఏళ్ళుంటాయి. పొద్దున్నే, అక్కడ పుండీకూర అనే గోంగూర, మెంతికూర గంపకెత్తుకుని సిరుగుప్ప మార్కెట్టుకు పోయి మధ్యాహ్నానికి వచ్చేస్తుంది.

బావికి కూతవేటు దూరంలో ఒక ఆసామి మిరప తోట. తాతల నాటి నుంచి సేద్యం, ఈయన వచ్చాక గనుల దగ్గర లారీలు. ఎండాకాలం కాలువ కట్టేసినప్పుడు తోట ఎండకుండా ఆయన లోతుగా ఒక బోరు వేయించాడు. ఆ బోరు తన బావి నీళ్ళు గుంజేస్తుందని ఆమె తాలూకా ఆఫీసులో అర్జీ పెట్టింది. తాలూకా ఆఫీసు మా ఆఫీసుకు రాసింది. మా ఆఫీసు నన్ను పంపింది.

ఆ నేల సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. పైన ఏటి ఇసుక. దాని కింద ఇరవై అడుగుల మందాన జిగట బంకమట్టి. దాని కింద గరుకు ఇసుక, పగుళ్ళ రాయి. బావికి పై ఇసుకలోని నీళ్ళు. బోరు పైపు ఇసుకనూ బంకమట్టినీ దాటుకుని అడుగు పొరలో నోరు పెడుతుంది. మధ్యలో బంకమట్టి తలుపు మూసి గడియ పెట్టినట్టు ఉంటుందని మా నమ్మకం.

పరీక్ష అంటే, మోటారు వేసి, బోరులో నీళ్ళు ఎంతెంత దిగుతున్నాయో టేపుతో కొలవడం. మొదట నిమిషానికోసారి, తర్వాత ఐదు నిమిషాలకు, ఆపైన అరగంటకు. నీళ్ళు మొదట గబగబా దిగుతాయి, తర్వాత నెమ్మదిస్తాయి. మంచి బోరైతే ఒకచోట ఆగిపోతాయి. వరసగా మూడు కొలతలు ఒకటే వస్తే మా వాడుకలో 'నిలబడింది' అనేవాళ్ళం. నిలబడిందంటే పరీక్ష ముగిసింది, భోజనానికి లేవొచ్చు అని. పుస్తకంలో ఇట్లా లేదు. పుస్తకం రోజుల తరబడి నడిపి చూడమంటుంది. కానీ త్రీఫేజు కరెంటు ఏడు గంటలే ఉంటుంది, బోరుగల ఆసామి ఇంట్లో జొన్నరొట్టెలు వేడిగా ఉండేది అంతకన్నా తక్కువ సేపు. ఈ పద్ధతి నాకు నా ముందువాళ్ళు నేర్పారు, నా తర్వాతివాళ్ళకు నేను నేర్పాను. నేర్పడంలో నాకు మంచి పేరుండేది.

ఆ రోజు తొమ్మిదింటికి మోటారు వేశాం. ఒంటిగంటన్నరకు బోరులో మట్టం స్తంభంలా నిలిచింది. బావి దగ్గరికి పోయి చూస్తే పొద్దున ఎక్కడున్నాయో నీళ్ళు అక్కడే ఉన్నాయి, ఒక వేలు కూడా దిగలేదు. మా జీపు డ్రైవరు చెట్టు నీడ నుంచే అడిగాడు.

"క్యా సాబ్, నిల్చిందా?"

"నిల్చింది."

"అయితే మనం కూర్చుందాం రండి. ఆకులు ఏసేసినారు."

ఆసామి ఇంట్లో గుత్తొంకాయ, చెనక్కాయల పొడి, గట్టి పెరుగు. మూడో రొట్టెకు నా మనసులో రిపోర్టు పూర్తయింది. బళ్ళారికి వచ్చి ఇట్లా రాశాను: "బోరు దిగుబడి ఉత్తమం. నీటిమట్టం స్థిరం. పై బావికీ కింది బోరుకూ ఎటువంటి సంబంధమూ లేదు." పిల్లకు సంబంధాలు చూసే పెద్దమనిషి కూడా పది చోట్ల విచారించి గానీ సంబంధం వద్దనడు. నేను ఒక పూటలో, భోజనంతో సహా, తేల్చేశాను.

ఎండాకాలం వచ్చింది. కాలువ కట్టేశారు. ఒక గురువారం పొద్దున ఆమె మా ఆఫీసులోకి వచ్చి నా టేబుల్ ముందు నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు. చేతిలో గోనెసంచి.

"మీరు రాసిచ్చిన కాయితం మా పాప చదివి చెప్పె సారూ. నా బాయికీ ఆయప్ప బోరుకూ సంబంధం లేదంట."

"అవునమ్మా. పరీక్ష చేసే రాసినాం."

"మా బాయికి చదువు రాదు సారూ. ఆ సంగతి తెలీక దిగిపోతాండాది."

పక్క టేబుల్ గుమాస్తా దగ్గు వచ్చినట్టు తల తిప్పుకున్నాడు. నేను ఆఫీసరు ముఖం పెట్టుకుని, "బావి పాతదమ్మా, పూడిక చేరి ఉంటాది" అన్నాను.

"తాలూకా ఆఫీసులోనూ ఇదే అంటాండారు. పాత బాయి, పూడికంట. మీ కాయితం చూపిచ్చి దాన్ని పూడ్చి బండ ఏస్తారంట. ఆయప్ప బోరు నుంచి మాకు పైపు ఏస్తారంట. వారం దాటి వచ్చే సోమవారం విచారణ. బాయి పోతే నా మడి పోతాది. నలభై ఇండ్లు ఆయప్ప గేటు కాడ బిందెలు పెట్టుకోని నిలబడాల."

ఆమె గోనెసంచిలో నుంచి తాడు తీసింది. బావి చేంతాడు. పొడుగునా గుడ్డ పేలికలు కట్టి ఉన్నాయి, కొన్ని ఎర్రవి, కొన్ని పచ్చవి. రోజూ పొద్దున మొదటి బిందె తోడేటప్పుడు, బకెట్టు నీళ్ళను తాకగానే, తాడు గట్టు రాయి మీద ఎక్కడుంటే అక్కడ ఒక పేలిక కట్టిందట. ఆసామి జనరేటరు పెట్టి రాత్రింబగళ్ళు మోటారు నడిపిన దినం ఎర్ర గుడ్డ, ఆపిన దినం పచ్చ గుడ్డ. ఎన్నో దినమైతే పేలికకు అన్ని ముడులు.

తాడును టేబుల్ మీద నుంచి గుమ్మం దాకా పరిచాం. నేను మోకాళ్ళ మీద కూర్చుని ముడులు లెక్కపెట్టుకుంటూ పోయాను. చూసేవాళ్ళకు నేను ఆమె ముందు సాష్టాంగపడ్డట్టే ఉండి ఉంటుంది. అట్లా పడవలసిన వాణ్ణే అని తేలడానికి ఇంకా పదిరోజులు ఉంది.

మొదటి రెండు ఎర్ర గుడ్డలు ఒకే చోట ఉన్నాయి. నీటిమట్టం లెక్కన మూడోది కొంచెం కిందికి, నాలుగోది ఇంకా కిందికి. మోటారు ఆపిన తర్వాత కట్టిన మొదటి పచ్చ గుడ్డ, చివరి ఎర్ర గుడ్డ కన్నా కింద ఉంది. ఆ తర్వాతివి ఒక్కొక్కటే పైకి.

నాకు పట్టు దొరికిందనుకున్నాను. "చూడమ్మా, మోటారు వేసిన రెండు దినాలు నీళ్ళు దిగలేదు. ఆపిన తర్వాత కూడా దిగినాయి. మోటారుదే తప్పయితే వెయ్యంగానే దిగాల, ఆపంగానే నిలవాల."

ఆమె నన్ను జాలిగా చూసింది.

"ఏందప్పా సారూ, మా ఊర్లో బస్సెక్కంగానే బళ్ళారి వచ్చేసిందా? రెండు బస్సులు మారి వస్తి. మనిషికే ఇంత నడకుంటే, మట్టిలో దూరి వచ్చే నీళ్ళకు నడక ఉండదా?"

తాడు నా టేబుల్ మీదే వదిలి వెళ్ళిపోయింది.

నేను నీళ్ళు తాగుదామని మూలనున్న కుండ దగ్గరికి పోయాను. మా ఆఫీసులో ఫ్రిజ్ వచ్చినా నేను కుండ వదల్లేదు. ఇసుక తిన్నె మీద కుండ. రోజూ చూసేదే: కుండ నిండుగా ఉంది, కింద ఇసుక తడిగా ఉంది. కుండ మట్టిదే. నీళ్ళు నిలుపుతుంది, నిలుపుతూనే చెమరుస్తుంది. ఎన్నో ఏళ్ళుగా ఆ తడి ఇసుక మీద గ్లాసు కడిగిన నీళ్ళు పోస్తూ, ఊళ్ళలోకి పోయి బంకమట్టి నీళ్ళను వదలదని రాస్తూ వచ్చిన వాణ్ణి నేను.

పాత ఫైలు తీసి నా గ్రాఫు చూశాను. గీత దిగి దిగి, ఒంటిగంటన్నర దగ్గర చదునైంది. మంచి బోరు అని దాని కింద ఎర్ర ఇంకుతో రాసి ఉంది, నా చేతిరాత. మోటారు తోడుతూనే ఉంది, మట్టం మాత్రం దిగడం లేదు. అంటే తోడినన్ని నీళ్ళు ఎక్కడి నుంచో వచ్చి చేరుతున్నాయి. ఎక్కడి నుంచి? ఆ ఒక్క ప్రశ్న నేను అడగలేదు. రొట్టెలు చల్లారుతున్నాయి.

అడుగు పొరలో నీళ్ళు తోడితే అక్కడి ఒత్తిడి తగ్గుతుంది. పైనున్న నీళ్ళు బంకమట్టిలోంచి చెమర్చుకుంటూ కిందికి దిగుతాయి. అరచేతి వెడల్పులో చూస్తే అది లెక్కలోకి రాదు. కానీ బోరు గుంజేది అరచేతి వెడల్పు నుంచి కాదు, చుట్టూ ఎకరాల కొద్దీ నేల నుంచి. అన్ని చుక్కలూ కలిస్తే ఒక మోటారు దాహం తీరుతుంది. బోరులో మట్టం నిలబడింది దాని గొప్పతనం వల్ల కాదు, బావి మెల్లగా కూర్చుంటున్నందువల్ల. ఆ సంగతి బావిలో కనబడటానికి ఒక రోజు పైన పడుతుంది. నేను ఒక పూటే ఉన్నాను.

మా పై ఆఫీసరు దగ్గరికి పోయి మళ్ళీ పరీక్ష చేయాలన్నాను.

"ఏన్రీ, మీ సంతకం చెల్లదని మీరే అంటే ఎట్లా? రేపు జనం మీ పాత రిపోర్టులన్నీ తిరగదోడరా?"

"తోడడమే గదా సార్, మన పని."

ఆయన నవ్వకూడదనుకుని నవ్వాడు. జీపు ఇచ్చాడు. సోమవారం లోపల తేల్చకపోతే పాత రిపోర్టే ఖాయమన్నాడు.

ఆసామి అడ్డు చెప్పలేదు. మంచి మనిషే, మాటకారి. "సంబంధం లేదని మీరే రాసిస్తిరి సార్. మళ్ళా పరీక్ష ఏంది, సప్లిమెంటరీనా?" అన్నాడు. "రెండు దినాలు ఆపుతా. ఆమీట జనరేటరు పెట్టి మూడు దినాలు ఆపకుండా నడుపుతా. మిరపకు నీళ్ళు, మీకు లెక్కలు."

రెండు రోజుల విరామం తర్వాత మోటారు వేశాం. తాడు తిరిగి ఆమె చేతికి ఇచ్చాను. నా చేతిలో టేపు. మధ్యాహ్నానికి బోరులో మట్టం పోయినసారి లాగే నిలిచింది.

"నిల్చిందా సాబ్?" అని డ్రైవరు అప్పుడే చేతులు కడుక్కోబోతున్నాడు.

"నిల్చింది. ఎవరూ లేవొద్దు."

అతను నాతో పదేళ్ళు తిరిగాడు. ఆ మాట తర్వాత ఈ మాట రావడం అతని సర్వీసులో మొదటిసారి. పాపం, రొట్టెలను బావిగట్టుకే తెప్పించాడు.

మొదటి రోజు బావి కదల్లేదు. రెండో రోజు పొద్దున కూడా కదల్లేదు. అప్పటికి దిగువ వీధి జనం సగం గట్టు మీద చేరారు. ఆసామి బైకు దిగి, "ఏమంటాది సార్ బాయి?" అన్నాడు. "ఇంకా ఏమీ అనలేదు" అన్నాను. "మీ మొదటి కాయితమే కరెక్టేమో సార్, సుమ్నె, ఊరికే అనుమానపడతాండారు" అని నన్నే ఓదార్చాడు. నా రిపోర్టు నెగ్గుతుందేమో అని నాకు దిగులు పట్టుకుంది. ఇటువంటి దిగులు ఏ ఉద్యోగికీ వచ్చి ఉండదు.

ఆమె మడిలో కలుపు తీస్తూ తల ఎత్తకుండానే అంది. "బేగ బేగ అంటే యాడొస్తాదప్పా. మాపటేళకు చూడండి."

నాలుగు గంటలకు టేపు దించాను. చూసి నమ్మలేదు. మళ్ళీ దించాను. డ్రైవరును పిలిచి చదవమన్నాను. అతను కళ్ళద్దాలు తుడుచుకుని చదివాడు.

"ఒక వేలు దిగింది సాబ్."

నేను అతని చేయి పట్టుకుని ఊపేశాను. తన తప్పు బయటపడినందుకు ఇంత సంబరపడే మనిషిని అతను ముందెన్నడూ చూసి ఉండడు. "తబియత్ బాగుండాదా సాబ్?" అని అడిగాడు.

మూడో రోజుకు వేలు జానెడైంది. నీళ్ళలో మునిగి ఉన్న ఒక మెట్టు తడితడిగా బయటికి వచ్చింది. సాయంత్రం మోటారు ఆపాం. మరుసటి పొద్దున చూస్తే బోరులో నీళ్ళు చాలామటుకు పైకి వచ్చేశాయి. బావిలో మాత్రం ఇంకా నాలుగు వేళ్ళు దిగాయి.

ఆసామి దీన్నే పట్టుకున్నాడు. గట్టు మీద అందరి ముందూ అడిగాడు. "మోటారు ఆపి రాత్రంతా అయిపాయె. బాయి ఇంకా దిగుతాండాది. నా మోటారు గుంజతా ఉంటే, అది ఆగినాక ఎవరు గుంజతాండారు సార్? దెయ్యమా?"

జనం నా వైపు చూశారు. నేను కింది ఒత్తిడి, పై ఒత్తిడి అని మొదలుపెట్టాను. రెండో వాక్యానికే ముఖాలు ఖాళీ అయ్యాయి. విచారణ మూడు రోజుల్లోకి వచ్చింది. నా దగ్గర గ్రాఫు ఉంది, దాన్ని నమ్మే మనిషి ఒక్కడూ లేడు.

ఆమె మడిలోంచి లేచి, చేతుల మట్టి కొంగుకు తుడుచుకుని తాడు తెచ్చింది.

"ఈడ చూడప్పా" అని ఆసామికి పాత పేలికలు చూపింది. "పోయినసారీ నువ్వు ఆపినాక ఒక దినం కిందికే పోయె. ఇదో, ఈ పచ్చది. దాని మరుసట్నాడు ఇంతకి లేచె, ఇదో, ఈ పచ్చది. ఇప్పుడూ అట్లే లేస్తాది. నువ్వు మోటారు ఏయకుండా ఉంటే, రేపు పొద్దునకి నీళ్ళు ఈడికి వస్తాయి." ఆ మాట అంటూనే, ఇంకా రాని రేపటి దినానికి, ఆ రోజు మట్టం కన్నా బెత్తెడు పైన, తాడుకు ఒక పచ్చ పేలిక కట్టేసింది.

నా ఉద్యోగంలో నేను జరిగినదాని గురించి ఎన్నో కాగితాలు రాశాను. జరగబోయేది ఇంత అని గుర్తు పెట్టి జనం ముందు నిలబడే ధైర్యం ఏనాడూ చేయలేదు.

"వస్తే?" అన్నాడు ఆసామి.

"వస్తే నువ్వే చెప్పు, దెయ్యమా, మోటారా అని."

మరుసటి పొద్దున దిగువ వీధిలో ఎవరి ఇంట్లోనూ పొయ్యి వెలిగి ఉండదు, అందరూ గట్టు మీదే ఉన్నారు. "నేనే దింపుతా" అని ఆసామి తాడు అందుకున్నాడు. గిలక కిర్రుమంది. అతని చేతుల్లోంచి ఎర్ర పేలికలు ఒక్కొక్కటే జారి పోతున్నాయి. కింద బకెట్టు నీళ్ళను తాకిన చప్పుడైంది. తాడు ఆగింది. ఆమె కట్టిన పచ్చ పేలిక గట్టు రాయికి ఒక వేలు ఎడంలో ఉంది.

 డ్రైవరు మెల్లగా "షాబాస్" అన్నాడు. ఆమె ఆ ఒక్క వేలు తేడా చూసి ముఖం చిట్లించి, పేలిక విప్పి సరైన చోట కట్టుకుంది.

ఆసామి తాడు వదల్లేదు. ఏదో లెక్క వేసుకుంటున్నాడు.

"అయితే సార్, నా బోరులో నిలబడే నీళ్ళు ఈయమ్మవేనా?"

"చాలామటుకు."

"ఈ బాయి ఎండిపోతే?"

"మీ బోరు కూడా నిలబడదు. దిగుతానే పోతాది."

ఆయన బావిలోకి తొంగి చూశాడు, తన సొంత పెట్టెలోకి చూసుకున్నట్టు. "ఇంక దీన్ని పూడ్చేది యాడిది? నా బోరు గొంతు నేనే పిసుక్కుంటానా?"

సోమవారం విచారణ పావుగంటలో అయిపోయింది. అధికారి పాత రిపోర్టు ఎత్తి చూపించి, ఇది రాసిందెవరు అన్నాడు. నేనే సార్ అన్నాను. తప్పని చెప్తున్నదెవరు అన్నాడు. అదీ నేనే సార్ అన్నాను. "మీ ఇద్దరిలో ఎవర్ని నమ్మమంటారు?" అన్నాడు. ఆమె ముందుకు వచ్చి తాడు ఆయన టేబుల్ మీద పెట్టింది. "ఈ సార్లిద్దర్నీ వదిలేయండి సామీ. దీన్ని నమ్మండి." గదిలో మొదట నవ్వింది అధికారే. ఆ తర్వాత పాత రిపోర్టును ఆయన అడ్డంగా కొట్టేశాడు. నా సంతకం మీద ఇంకొకరు గీత గీస్తుంటే అంత హాయిగా ఉంటుందని నాకు అంతకు ముందు తెలియదు.

బావి పూడ్చలేదు. పై నుంచి లెక్కపెట్టి ఏడో మెట్టుకు ఎర్ర రంగు వేశారు. నీళ్ళు ఆ మెట్టుకు దిగితే మోటారు ఆగాలి, ఐదో మెట్టు మునిగేదాకా మళ్ళీ వేయకూడదు. మెట్టు చూసి ఫోను చేసే పని ఆమెది. ఆసామి మిరపకు డ్రిప్పు పైపులు వేయించుకున్నాడు. మొదట్లో ఆమె ఫోను వస్తే ముఖం మాడ్చుకునేవాడట. ఇప్పుడు రెండు రోజులు ఫోను రాకపోతే తానే చేసి, "బాయి ఎట్లుండాది అక్కా" అని అడుగుతాడట.

ఆఫీసులో పాత వాడుక మాన్పించడానికి నాకు మిగిలిన సర్వీసంతా పట్టింది. పిల్లలూ, మీకు నేను చెప్పేది ఇంతే. మట్టం నిలబడితే మీరు కూర్చోండి. చుట్టుపక్కల బావుల దగ్గర ఇంకో రెండు రోజులు కూర్చోండి. నిలబడిన ప్రతి నీటికీ ఎక్కడో ఒకచోట నడుస్తున్న నీరు ఉంటుంది. మా డ్రైవరు దీన్ని తన పద్ధతిలో చెప్పేవాడు. "ముందు నిల్చింది అంటే ఖానా సాబ్. ఇప్పుడు నిల్చింది అంటే బిస్తర్, పక్క పరుచుకునేదే."

నా రిటైర్మెంటు నాడు ఆఫీసువాళ్ళు శాలువా కప్పి గోడ గడియారం ఇచ్చారు. ఇంక టైముతో పనిలేని వాడికి గడియారం ఎందుకో ఇప్పటికీ తెలియలేదు. ఆ సాయంత్రమే సిరుగుప్ప బస్సు కండక్టరు ఒక కట్ట పుండీకూర తెచ్చి ఇచ్చాడు. కట్టకు తాడు లేదు, ఒక పచ్చ పేలిక చుట్టి ఉంది.

అప్పటి నుంచి ఏటా ఎండాకాలంలో, కాలువ కట్టేశాక, ఆ కట్ట వస్తుంది. మా ఆవిడ ఆకు లేతగా ఉందా ముదిరిందా అని చూస్తుంది. నేను ఆ కట్ట మీది గుడ్డ రంగు చూస్తాను.

ఈ ఏడూ పచ్చదే.